గోపమ్మ చూసిన గంగ

బస్సు వెనక సీటులో గంగాళాలకూ బియ్యం బస్తాలకూ మధ్య ఇరుక్కుని కూర్చుని గోపమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. బస్సు కుదిపినప్పుడల్లా బియ్యం పైకెగిరి మళ్ళీ బుద్ధిగా చేటలోనే పడుతోంది. ఒక్క గింజ కింద రాలడం లేదు. ఇందులో ఏముంది, ఇన్నేళ్ళు వెనక సీటు మీద కూర్చుంటే ఎవరికైనా వస్తుంది అంటుందామె. ఒట్టి మాట. మనం కూర్చుంటే బియ్యమంతా మన ఒళ్ళో ఉంటుంది.

ఎడమ బుగ్గలో ఆకు నలుగుతోంది. నడుముకు దోపుకున్న వక్కల సంచిలో ఎండిన తమలపాకులు, వక్కలు, అరిగి నున్నబడిన ఇత్తడి సున్నం డబ్బీ ఉన్నాయి. పొయ్యి అంటించగానే ఒక ఆకు, ఎసరు మసిలేలోపల ఇంకొకటి, అందరూ తిని లేచాక తీరుబడిగా మరొకటి. తిండి లేకపోయినా రోజు గడుస్తుంది గానీ ఆకు లేకపోతే ఆమెకు చెయ్యి ఆడదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు వెంకటనర్సు కురుమూర్తి జాతర నుంచి తెచ్చిన డబ్బీ అది. మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని, దగ్గి దగ్గి ఆయన పోయాక, కండెలు చుట్టిన చేతులతోనే గోపమ్మ గరిటె పట్టింది. ముందు సొంతూరు మోత్కూరులో పెళ్ళిళ్ళ వంటలు, తర్వాత గురవయ్య యాత్రల బస్సు.

గురవయ్య ఏటా కోతలయ్యాక ఒక బస్సు కిరాయికి మాట్లాడి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను కాశీయాత్రకు తీసుకుపోతాడు. కాశీ, ప్రయాగ, హరిద్వారం, ఢిల్లీ, పుష్కరం, అటునుంచి ఇల్లు. ఎనభై తొమ్మిదో సంవత్సరం ఫాల్గుణంలో కూడా అట్లాగే బయలుదేరారు. బస్సు తోలేది భువనగిరి మెహమూద్. గోపమ్మ ఎక్కని యాత్ర లేదు. ఆమె చూసిన క్షేత్రమూ లేదు.

అదెట్లా అంటారా? క్షేత్రం రాగానే జనమంతా దిగి స్నానానికో దర్శనానికో పోతారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి వంట కావాలి. తిన్నాక గిన్నెలు కడగాలి, సామాను దగ్గర కాపలా ఉండాలి. అంతలో బస్సు హారన్ మోగుతుంది. కాబట్టి కాశీ అంటే గోపమ్మకు సత్రం వెనక పెరడు, ఒక కారే నల్లా, పిడకలమ్మే ముసలాయన. ప్రయాగ అంటే ఒక వేపచెట్టు నీడ. అంతే.

కానీ మోత్కూరు ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఆమె ఇల్లు చేరిన పొద్దే వాకిట్లో మూగి "ఏం చూసినవ్ గోపమ్మా, జర చెప్పు" అంటారు. చూడలేదని చెప్పడానికి ఆమెకు నోరు రాదు. వడ్డిస్తున్నప్పుడు యాత్రికులు మాట్లాడుకున్నవన్నీ విని ఉంటుంది గదా, ఆ ముచ్చట్లనే వరస కట్టి చెబుతుంది. మెట్లు, పడవలు, హారతులు, కోతులు. చెప్పేటప్పుడు ఆమె చేతులు కూడా పడవలా ఊగుతాయి. పక్కింటి మల్లమ్మకైతే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వాళ్ళు వెళ్ళిపోయాక గోపమ్మ ఒక ఆకు నోట్లో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. చేయని వంటకు మెప్పు పొందినట్టు ఆమెకు లోపల సిగ్గుగా ఉండేది.

ఈసారి బయలుదేరే ముందే గురవయ్య మాట తేల్చేశాడు. "గోపమ్మా, ఏమనుకోకు. వచ్చే ఏడు గ్యాసు పొయ్యి పెడుతున్న. భోనగిరి నుంచి వంటాయన వస్తడు. నీ మోకాళ్ళు గూడ బాగలేకపాయె." గోపమ్మ ఏమీ అనుకోలేదు. మోకాళ్ళు నిజంగానే బాగలేవు. మెహమూద్‌తో మాత్రం రహస్యంగా ఒక మాట చెప్పుకుంది.

"గీసారన్న గంగల ఒక్క మునుగు మునుగుత బిడ్డా. నా కండ్లతోని ఒక్కటి చూసి పోత. ఇన్న ముచ్చట్లు ఎన్నేండ్లని చెప్పాలె?"

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, నేను తోల్కపోత" అన్నాడు మెహమూద్.

తోలుకుపోయేవాడే. కానీ కాశీలో దిగిన పొద్దే పట్వారి రామచంద్రయ్యకు విరేచనాలు పట్టుకున్నాయి. దారిలో ఎవరో అమ్మిన రబ్రీ అనే పాలమిఠాయి ఆయన ఒక్కడే తిన్నాడు. అందరూ గంగకు పోతే గోపమ్మ ఆయనకు గంజి కాచి పోస్తూ కూర్చుంది. మర్నాటికి ఆయన లేచి శుభ్రంగా గంగస్నానం చేసొచ్చాడు. ఆమె ఆ పూట వంటలో ఉంది. ప్రయాగలో ఆగిందే ఒక్క పూట, అది పొయ్యి దగ్గరే గడిచింది. హరిద్వారంలో సరిగ్గా అందరూ నీళ్ళలో దిగిన వేళకు కిరసనాయిలు స్టవ్వు పగిలి నూనెంతా కారిపోయింది. ఆమె పుల్లలు వెతికి తెచ్చి అన్నం దించేసరికి హారన్ మోగింది.

కాశీకి పోయినవాళ్ళు తమకు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలి రావాలి. ఎవరు ఏం వదిలారో గుర్తు పెట్టుకోవడం వంటమనిషి ప్రాణం మీదికి వస్తుంది. పట్వారి కాకరకాయ వదిలాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ ముట్టింది లేదు. గురవయ్య గుమ్మడికాయ వదిలాడు. ఆలేరు లీలమ్మ కోపం వదిలానని చెప్పి, ప్రయాగ రాకముందే కిటికీ సీటు దగ్గర మళ్ళీ తెచ్చుకుంది. గోపమ్మను మాత్రం ఏం వదిలావని ఎవరూ అడగలేదు. గంగలో మునగని మనిషి ఏం వదులుతుంది?

అట్లా ఢిల్లీ దాటి పుష్కరం దారిలో పడ్డాక, పొద్దు కాస్త ఎక్కేసరికి బస్సు కింద ఫెళ్ళుమని చప్పుడైంది. బస్సు ఒక పక్కకు ఒరిగి ఆగింది. గోపమ్మ చేట గట్టిగా పట్టుకుంది.

మెహమూద్ బస్సు కిందికి దూరి వచ్చి చేతులు దులుపుకున్నాడు. "కమాన్ పట్టీ ఇరిగింది సేటూ. లోహార్‌ను దొర్కవట్టాలె. పొద్దుగూకేదాక బండి కదలదు."

చుట్టూ ఇసుక, జిల్లేడు, ముళ్ళచెట్లు. రోడ్డు పక్కనే ఒక ఊరు. శేఖావాటి అంటారట ఆ ప్రాంతాన్ని. యాత్రికులు దిగి, ఊళ్ళోకి నడిచి, నోళ్ళు తెరిచారు. ఇసుక వీధుల్లో ఒకదాని పక్కన ఒకటి రాజుల కోటల్లాంటి మేడలు. వాటి గోడల నిండా బొమ్మలు. ఏనుగులు, ఒంటెలు, తలపాగాల మనుషులు, మీసాల దొరలు. ఇంతా చేసి తలుపులకు తుప్పు పట్టిన తాళాలు. కట్టించిన సేట్లు కలకత్తాకో బొంబాయికో వ్యాపారాలకు పోయి అక్కడే ఉండిపోయారని మెహమూద్ ఎవరినో అడిగి వచ్చి చెప్పాడు. తెరిచిన నోళ్ళు అందరూ కాసేపటికి మూసుకున్నారు.

"గుడి లేదు, నది లేదు. గీ బొమ్మలు చూస్తె పుణ్యమొస్తదా?" అంది లీలమ్మ. అందరూ ఒక మేడ అరుగు మీద నీడలో తువ్వాళ్ళు పరిచి పడుకున్నారు.

ఆ మేడకు కాపలా ఒక ముసలామె. గోపమ్మ ఈడుదే, ముఖం మీద సగం దాకా ముసుగు, చేతికి మోచేతి దాకా గాజులు. నీళ్ళు ఇస్తానంది, అరుగు మీద పడుకోమంది. కానీ గురవయ్య లోపలి వాకిట్లో పొయ్యి పెట్టమనగానే చేతులు అడ్డంగా ఊపి గడగడా ఏదో చెప్పింది. మెహమూద్ తెలుగులో చెప్పాడు. "పొగకు బొమ్మలు కరాబైతయంటాంది."

"ఎవలు చూస్తున్నరు? తాళమేసి పోయినోల్లకు లేని ఫికరు ఈమెకెందుకు? బయట గాలి లేస్తాంది. లోపల పెట్టు గోపమ్మా" అన్నాడు గురవయ్య.

గోపమ్మ మూడు రాళ్ళు ఏరుకుని లోపలికి పోయింది. నాలుగు వైపులా గోడలున్న వాకిలి. గాలి చొరబడదు. ఇట్లాంటి చోటు దొరికితే అన్నం మల్లెపువ్వల్లే వండొచ్చు. ఆమె రాళ్ళు సర్ది, నడుం నిమురుకుంటూ తలెత్తింది.

ఎదురుగా గోడ మీద రైలు పోతోంది. ఇంజను, పెట్టెలు, పెట్టెకు కిటికీలు, కిటికీకో మనిషి. ఒకడు హుక్కా తాగుతున్నాడు. ఒకామె బిడ్డను ఎత్తుకుంది. రైలు ఎప్పుడూ చూడని మనిషి ఎవరో విని గీసినట్టుంది, పెట్టెలన్నీ ఇళ్ళలాగే ఉన్నాయి. గోపమ్మకు నవ్వొచ్చింది. పాపం, ఇతను కూడా విన్న ముచ్చటే చెప్పాడు అనుకుంది. రైలు వెంబడి చూపు పోనిచ్చింది. సగం దూరం పోయాక రైలు మసిలోకి దూరిపోయింది. ఆ మూల నేల మీద పాత పొయ్యి రాళ్ళున్నాయి. ఎప్పుడో ఎవరో ఇట్లాగే బండి ఆగి వండుకుని పోయారు. వెనక పెట్టెల్లోని మనుషులంతా నల్లటి గోడలో కలిసిపోయారు.

 గోపమ్మ వంగి, పెట్టిన రాళ్ళను మళ్ళీ కొంగులో వేసుకుని బయటికి నడిచింది.

"నీకేమన్న పిచ్చా?" అన్నాడు గురవయ్య.

"లోపల ఊపిరాడతలేదు సేటూ" అంది గోపమ్మ. ముసలామె పోయి చీపురు తెచ్చి, మేడ పక్క సందులో జాగా ఊడ్చి, చాప అడ్డం కట్టి ఇచ్చింది.

చాప ఆపలేకపోయింది. అన్నం ఉడికే వేళకు గాలి లేచింది. ఎర్రటి ఇసుక సందులోకి సుడి తిరిగి వచ్చింది. గోపమ్మ కొంగు గిన్నె మీద కప్పి, గిన్నె మీద వంగి, వీపంతా గాలికి అడ్డం పెట్టింది. పొగకు కళ్ళు మండాయి. పచ్చిపులుసు పొయ్యెక్కేది కాదు గనుక దాన్ని మూతపెట్టి కాపాడుకుంది. అన్నాన్ని మాత్రం కాపాడలేకపోయింది.

మొదటి ముద్ద పెట్టుకోగానే పట్వారి దవడ పట్టుకున్నాడు. "గిదేం అన్నం గోపమ్మా! కరకరలాడ్తాంది. ఇసుక దినమంటవా మమ్ముల?"

లీలమ్మ విస్తరి తోసేసింది. "కడాకరుకు ఇట్ల జేసినవ్. లోపల వండుమంటె ఇనకపోతివి."

గోపమ్మ చేతిలో అన్నం గరిటె ఆగింది. ఇన్నేళ్ళలో ఆమె వడ్డించిన అన్నంలో ఎవరికీ ఒక్క రాయి తగల్లేదు. కుదిపే బస్సులో కూడా చేట దించలేదు. అది తప్ప ఆమెకు గొప్ప చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. చివరి యాత్రలో ఆ పేరు కూడా పోయింది. "గాలి లేచిందయ్యా. పులుసు పోసుకుని మెల్లగ తినుర్రి" అని మాత్రం అంది. 

గిన్నెలు ఇసుకతో తోముతుంటే ముసలామె వచ్చి పక్కన కూర్చుని తానూ ఒక గిన్నె అందుకుంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. గిన్నెలు మాత్రం బాగా తెల్లబడ్డాయి. అయ్యాక ముసలామె గోపమ్మ చెయ్యి పట్టుకుని లేపి, మొలలోని తాళంచెవుల గుత్తి చూపించి, పైకి రమ్మని సైగ చేసింది. గోపమ్మ బస్సు వైపు చూసింది. మెహమూద్ కాళ్ళు బస్సు కింద నుంచి బయటికున్నాయి. వెతికి తెచ్చిన కమ్మరి పట్టీని సుత్తితో బాదుతున్నాడు.

"మెహమూదూ! పైకి బోయొద్దాం రా బిడ్డా."

"నువ్వు వోయిరా పెద్దమ్మా. ఇది ఇడిసిపెడ్తె నా మీద వడ్తది" అన్నాడు కింద నుంచి.

మోకాళ్ళు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. చివరి గది తాళం తీసి ముసలామె కిటికీ రెక్క తోసింది. వెలుగు నేరుగా ఎదుటి గోడ మీద పడింది.

గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నది. నీలిరంగు నది. అందులో చేపలు, తాబేళ్ళు, పడవలు. ఒడ్డున మెట్లు, మెట్ల మీద గుళ్ళు, గొడుగుల కింద పంతుళ్ళు, మోకాలి లోతు నీళ్ళలో చీరలు తడుపుకుంటున్న ఆడవాళ్ళు. శివుడి చెట్టంత పొడవున్న జటల మీంచి నీళ్ళు దూకుతున్నాయి.

"గంగా మైయా" అంది ముసలామె.

ఈ మాటకు మెహమూద్ అవసరం లేకపోయింది. గోపమ్మ గోడకు ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఇన్నేళ్ళుగా తాను మోత్కూరు వాకిట్లో చెప్పిన మెట్లు ఇవే. ఆ పడవలు ఇవే. తాను చేతులు ఊపి చూపించినట్టే ఊగుతున్నాయి. అయితే తాను చెప్పింది అబద్ధం కాదన్నమాట! ఆమెకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే సంతోషమూ వచ్చింది. నోట్లో ఆకు ఉందని గుర్తొచ్చి గబగబా కిటికీ దాకా పోయి ఉమ్మేసి, కొంగుతో నోరు తుడుచుకుని వచ్చింది. తల మీద కొంగు కప్పుకుంది. నీళ్ళు ఉన్నచోట గోడను వేళ్ళతో తాకింది. చల్లగా, నున్నగా ఉంది. ఆ చెయ్యి కళ్ళకు అద్దుకుంది, నెత్తిన పెట్టుకుంది. ముసలామె నవ్వలేదు. తానూ ముసుగు సర్దుకుని పక్కన నిలబడింది.

గంగ దగ్గరికి వచ్చాక ఏదో ఒకటి వదలాలి గదా. గోపమ్మ ఆలోచించింది. కాకరకాయ వదిలితే గంగమ్మకు తెలియదా? గుమ్మడికాయ అంటే తనకూ పెద్ద ఇష్టం లేదు. తనకు నిజంగా ఇష్టమైనది ఒక్కటే ఉంది. చెయ్యి నడుము మీదికి పోయి, అక్కడ ఆగి, చాలాసేపటికి సంచి బయటికి తీసింది. ఆకులూ వక్కలూ ముసలామె కొంగులో పోసింది. డబ్బీ మూత తీసి, అలవాటుగా చూపుడువేలితో కాస్త సున్నం తీసుకుంది. తీసుకున్నాక గుర్తొచ్చి, ఆ వేలిని నవ్వుతూ చీరకు తుడుచుకుంది. మూత పెట్టి, నది కింద గోడలో ఉన్న దీపం గూట్లో డబ్బీని పెట్టింది.

"ఇడుస్తున్న తల్లీ" అంది. 

పొద్దుగూకే వేళకు బస్సు కదిలింది. గేరు మారుస్తూ మెహమూద్ అద్దంలోకి చూశాడు. ఆమె దవడ ఆడటం లేదు. "ఏంది పెద్దమ్మా, ఆకు వేస్కోలే?"

"ఇడిసిన బిడ్డా."

"ఎక్కడ?"

"గంగల."

మెహమూద్ పరాచికం అనుకుని నవ్వాడు. పట్వారి వెనక్కి తిరిగి చూసి, ఎండదెబ్బ తగిలింది పాపం అన్నాడు.

మోత్కూరు చేరిన పొద్దు ఆడవాళ్ళు మూగారు. ఈసారి గోపమ్మ ఎవరి ముచ్చటా చెప్పలేదు. ఇసుకలో మేడలు, మేడల మీద రైళ్ళు, మేడ మీది గదిలో గంగ, గంగ కింద గూట్లో తాను విడిచిన సున్నం డబ్బీ. చూసింది చూసినట్టు చెప్పింది. చేతులు కూడా ఊపలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మల్లమ్మే మొదట నవ్వింది.

"ఇసుకల గంగ ఉంటదా గోపమ్మా? అది గూడ మేడ మీద? ఏమన్న కల వడ్డదా?"

"మెహమూద్‌ను అడుగు" అంది గోపమ్మ.

సంతకు వచ్చినప్పుడు మెహమూద్‌ను నిజంగానే అడిగారు. అతను అబద్ధం ఆడే మనిషి కాదు. "మేడలు చూసిన గని పైకి వోలేదమ్మా. బండి కింద ఉన్న" అన్నాడు. గోపమ్మ అతని వైపు చూసింది. కోపంగా కాదు. "నువ్వన్న రాకపోతివి బిడ్డా" అంది.

చూడనివన్నీ నమ్మిన ఊరు, చూసిన ఒక్కదాన్ని నమ్మలేదు. ఆమె ఇంక ఆ ముచ్చట ఎత్తలేదు. ఆకు మాత్రం మళ్ళీ ముట్టలేదు. ఎన్నో ఏళ్ళ ఎరుపు మెల్లగా వెలిసిపోయి ఆమె పెదవులు చిన్నపిల్ల పెదవుల్లా అయ్యాయి.

శ్రావణం రాకముందే ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. సాగనంపే ముందు ఎవరో ఆమెకు ఇష్టమని తమలపాకు మడిచి తెచ్చారు. మల్లమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు. ఇడిసింది గదా" అంది, అని బోరుమని ఏడ్చింది.

మరుసటేడు గ్యాసు పొయ్యి, భువనగిరి వంటాయనతో యాత్ర అదే దారిన వచ్చింది. ఆ ఊరు రాగానే మెహమూద్ బండి ఆపి, టైర్లు చల్లబడాలి సేటూ అని గురవయ్యకు చెప్పి దిగాడు. టైర్లకు ఏమీ కాలేదు. ముసలామె అతన్ని గుర్తుపట్టింది. అతని వెనకాల బస్సు వైపు చూసి, ఎవరూ దిగకపోవడం చూసి, తాళంచెవులు తీసింది.

గంగ అక్కడే ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా. మెహమూద్ చెప్పులు గడప బయటే విడిచి లోపలికి పోయాడు. "ఉన్నదే పెద్దమ్మా" అన్నాడు పైకే. నది కింద గూట్లో దుమ్ము లేకుండా తుడిచిన ఇత్తడి డబ్బీ ఉంది. తీసుకుపోయి మోత్కూరులో అందరికీ చూపించాలని చేతిలోకి తీసుకుని మూత తెరిచాడు. ఒక్క క్షణం చూసి, మూత పెట్టి, ఎక్కడిది అక్కడే పెట్టేశాడు. లోపల సున్నం రాయిలా ఎండిపోయి ఉంది, దాని నడుమ గోపమ్మ చివరిసారి తీసుకున్న చోట, చూపుడువేలి గుంట అట్లాగే ఉంది.